ఖాళీ ఎక్కువ, బొమ్మ తక్కువ: మినిమల్ పోస్టర్ ఎందుకు ఆకట్టుకుంటుంది, ఎక్కడ తేలిపోతుంది?

సినిమా హిట్టయిన వారం పది రోజులకల్లా ఇన్‌స్టాగ్రామ్‌లో దానికి వేరే పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. వాటిలో హీరో ముఖం ఉండదు. మట్టిరంగు మీద ఒక కొడవలో, కళ్లజోడో, పాత స్కూటరో ఉంటుంది. కింద సన్నటి అక్షరాల్లో పేరు. కామెంట్లలో తరచూ కనిపించే మాట, “అసలు పోస్టర్ కంటే ఇదే బాగుంది.” దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. ఎవరో కుర్రాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక సాయంత్రంలో చేసింది, కోట్లు పెట్టిన నిర్మాతకు ఎందుకు తట్టలేదు?

తట్టకపోవడం కాదు. ఈ రెండు పోస్టర్లు చేసే పనులే వేరు. ఆ తేడా తెలియాలంటే, అక్షరాలతోనో ఒక్క బొమ్మతోనో సరిపెట్టే ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో, చూసేవాడిలో దేన్ని ఆసరా చేసుకుని నిలబడుతుందో చూడాలి.

సంక్షిప్తంగా

మినిమల్ పోస్టర్ తక్కువ చెబుతున్నట్టు కనిపిస్తుంది గానీ, చెప్పాల్సిన దాంట్లో ఎక్కువ భాగాన్ని చూసేవాడి జ్ఞాపకం నుంచి అప్పు తెచ్చుకుంటుంది. ఆ జ్ఞాపకం ముందే ఉన్నచోట చక్కగా పనిచేస్తుంది, లేనిచోట వట్టి రంగు కాగితంలా మిగిలిపోతుంది. దీనికి తోడు అచ్చు ఖర్చు, గోడ సైజు, ఫోన్ తెర, లిపి నిర్మాణం కూడా ఖాళీ ఎంత ఉండాలో నిర్ణయిస్తాయి. తెలుగులో ఈ శైలి ఇంగ్లిష్‌లో ఉన్నట్టే ఉండకపోవడానికి కారణం అభిరుచి ఒక్కటే కాదు, అక్షరం ఆకారం కూడా.

బెర్లిన్ అగ్గిపుల్లలు

20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో, బెర్లిన్‌లో ప్రీస్టర్ అగ్గిపెట్టెల కోసం పోస్టర్ పోటీ పెట్టారు. లూసియన్ బెర్న్‌హార్డ్ అనే యువకుడు వేసిన మొదటి చిత్తులో ఒక టేబులు, యాష్‌ట్రే, వెలుగుతున్న చుట్ట, ఆ పొగలో నాట్యమాడే అమ్మాయిలు, పక్కన అగ్గిపుల్లలు ఉండేవని డిజైన్ చరిత్రల్లో రాస్తారు. అది చూసిన స్నేహితుడు చుట్టల ప్రకటన అనుకున్నాడట. దాంతో బెర్న్‌హార్డ్ ఒక్కొక్కటే చెరిపేస్తూ పోయాడు. చివరికి ముదురు నేపథ్యం మీద రెండు పెద్ద అగ్గిపుల్లలు, వాటి పైన ప్రీస్టర్ అనే పేరు మిగిలాయి. న్యాయనిర్ణేతలు దాన్ని చెత్తబుట్టలో పడేస్తే, ఆలస్యంగా వచ్చిన ఎర్నెస్ట్ గ్రోవాల్డ్ బయటికి తీసి బహుమతి ఇప్పించాడని కూడా చెబుతారు. చెప్పగా చెప్పగా కథకు కాస్త మెరుగులు పడి ఉండొచ్చు. పోస్టర్ మాత్రం ఇప్పటికీ ఉంది.

గ్రోవాల్డ్ పోస్టర్లు అచ్చువేసే కంపెనీ మనిషి. ఆ రోజుల్లో రంగుల పోస్టర్లు లిథోగ్రఫీలో, అంటే రాతి మీద గీసిన బొమ్మ నుంచి అచ్చు తీసే పద్ధతిలో వేసేవారు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. రంగులు తగ్గితే రాళ్లు తగ్గుతాయి, పని తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. పైగా ట్రామ్‌లో పోయేవాడికి గోడ కనిపించేది రెండు మూడు క్షణాలే. అంతలో నాట్యకత్తెల్ని లెక్కపెట్టే తీరిక ఎవరికీ ఉండదు, రెండు పుల్లలూ ఒక పేరూ మాత్రం కంట్లో పడతాయి.

ఇక్కడ సులువుగా దాటిపోయే విషయం ఒకటుంది. అగ్గిపుల్ల అంటే ఏమిటో, దేనికి వాడతారో ఆ ఊళ్లో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. తెలియనిది కంపెనీ పేరు ఒక్కటే. అందరికీ తెలిసిన వస్తువును బొమ్మగా పెట్టి, తెలియని పేరును దానికి అతికించారు. ఆ రోజుల్లో ఎవరూ చూడని యంత్రాన్ని అమ్మాల్సి వచ్చి ఉంటే, ఇదే పద్ధతి బోల్తా కొట్టేది.

ఒకే సైజు కాగితం

అక్షరాన్నే బొమ్మగా నిలబెట్టే ఆలోచనకు సిద్ధాంతం రాసినవాడు జర్మనీకి చెందిన యాన్ చికోల్డ్. 1928లో వచ్చిన తన పుస్తకంలో మధ్యకు పేర్చే పాత అమరికను, అలంకారాలను కాదన్నాడు. తోకల్లేని సాదా అక్షరాలు, అసమానమైన అమరిక, ఖాళీని కూడా సరుకుగా వాడుకోవడం కావాలన్నాడు. 1933లో నాజీలు అతన్ని అరెస్టు చేశారు. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని బాజెల్ చేరాడు. విచిత్రం ఏమిటంటే, తర్వాత్తర్వాత తన సిద్ధాంతానికే ఎదురు తిరిగాడు. ఒకే పద్ధతి సరైందనే పట్టుదలలో నియంతృత్వపు వాసన ఉందని 1946లో రాశాడు. ‘తక్కువే గొప్ప’ అని ఇప్పటికీ వాదించేవాళ్లు ఈ భాగాన్ని పెద్దగా ప్రస్తావించరు.

ఆ శైలి పూర్తిగా పండింది మాత్రం స్విట్జర్లాండ్‌లోనే. జూరిక్‌లోని టోన్‌హాలె సంగీతశాల కచేరీల కోసం డిజైనర్ యోసెఫ్ ముల్లర్-బ్రాక్‌మన్ వరసగా పోస్టర్లు చేశాడు. 1955 నాటి బీథోవెన్ పోస్టర్‌లో సంగీతకారుడి ముఖం గానీ, వాద్యం గానీ లేవు. ఒక కేంద్రం చుట్టూ నల్లటి వంపులు, 1, 2, 4, 8 అంటూ రెట్టింపవుతూ పోయే వెడల్పుల్లో తిరుగుతాయి. లయను లెక్కగా మార్చి బొమ్మ చేశాడన్నమాట. 1957లో వచ్చిన కొత్త సాదా టైపు 1960లో హెల్వెటికా అనే పేరు పెట్టుకుంది. 1958 నుంచి 1965 దాకా నడిచిన ‘నోయె గ్రాఫిక్’ పత్రిక ఈ పద్ధతిని జర్మన్, ఇంగ్లిష్, ఫ్రెంచ్ మూడు భాషల్లో ప్రపంచానికి పరిచయం చేసింది.

స్విట్జర్లాండ్‌లోనే ఎందుకు? క్రమశిక్షణ గల జాతి అనే జవాబు తేలిగ్గా దొరుకుతుంది గానీ, దానివల్ల తెలిసేది తక్కువ. అంతకంటే పనికొచ్చే కారణాలు రెండున్నాయి. ఒకటి భాషలు. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ మాట్లాడే జనం ఒకే దేశంలో ఉన్నప్పుడు, ఒకే సమాచారాన్ని పక్కపక్క నిలువు వరసల్లో గొడవ లేకుండా సర్దే పద్ధతి కావాలి. గీతల చట్రం, అంటే గ్రిడ్, ఆ అవసరాన్ని తీర్చింది. రెండోది కాగితం. స్విస్ వీధుల్లో పోస్టర్లకు సుమారు 90 × 128 సెంటీమీటర్ల సైజు ఒకటి ఖాయమైపోయింది. బోర్డులూ దానికి తగ్గట్టే కట్టారు. పక్కవాడి పోస్టర్ కంటే పెద్దది వేసి గెలిచే దారి మూసుకుపోయింది. అరిచే వీలు లేనప్పుడు, నలుగురి మధ్య మౌనంగా నిలబడినవాడి మీదే చూపు పడుతుంది. మన ఊళ్లో దీనికి పూర్తిగా తిరగబడ్డ పరిస్థితి. ఫ్లెక్స్ సైజుకు హద్దు లేదు కాబట్టి పోటీ అంతా సైజులోనే.

కన్ను ఎందుకు ఆగుతుంది

ఒకేలాంటి వస్తువుల మధ్య తేడాగా ఉన్నది ఎక్కువగా గుర్తుంటుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ 1933లో చూపించింది. ముఖాలతో, మంటలతో, తుపాకులతో నిండిన పోస్టర్ల వరసలో తెల్ల కాగితం మీద ఒక్క మాట ఉంటే జరిగేది ఇదే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అందరూ ఖాళీ పోస్టర్లే వేస్తే ఆ లాభం పోతుంది. అప్పుడు తేడాగా కనిపించేది నిండు పోస్టరే. 1966 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెస్ విల్సన్ వంటివాళ్లు మంటల్లా మెలికలు తిరిగే, చదవడానికి తంటాలు పడాల్సిన అక్షరాలతో రాక్ కచేరీల పోస్టర్లు వేశారు. నీట్‌గా ఉన్న ప్రకటనల మధ్య ఆ గజిబిజే జనాన్ని ఆపింది.

ఇంకో కారణం, తేలిగ్గా అర్థమైంది మనసుకు అందంగానూ తోస్తుంది. 2004లో రోల్ఫ్ రేబర్, నోర్బర్ట్ ష్వార్జ్, పియోటర్ వింకిల్‌మాన్ ప్రతిపాదించిన వాదన సారం ఇదే. దీనికి డేనియల్ బెర్లైన్ 1971లో గీసిన గీతను జోడించి చూడాలి. మరీ సాదాగా ఉంటే విసుగు, మరీ చిక్కుగా ఉంటే చిరాకు, ఇష్టం మధ్యలో ఎక్కడో శిఖరానికి చేరుతుంది. మంచి మినిమల్ పోస్టర్ ఈ రెంటినీ ఒకేసారి వాడుకుంటుంది. చూడ్డానికి సాదాగా ఉంటుంది, అందులోనే ఒక చిన్న పొడుపు ఉంటుంది. పొడుపు విప్పాక కలిగే ‘ఓహో’ అనే సంతోషం పోస్టర్ ఖాతాలో పడుతుంది.

స్వచ్ఛ భారత్ గుర్తు తీసుకోండి. 2014 అక్టోబరు 2న వచ్చిన ఆ గుర్తులో బొమ్మంటూ ఉన్నది రెండు గుండ్రాలు, మధ్యలో ఒక వంపు, రెండు చెవి కమ్మీలే. అద్దాల్లో ‘స్వచ్ఛ’, ‘భారత్’ అనే మాటలుంటాయి. ముఖం లేకపోయినా గాంధీ కనిపిస్తాడు. ఆయన్ను గీసింది డిజైనర్ కాదు, నోట్ల మీదా పాఠ్యపుస్తకాల్లోనూ చూసి చూసి ఉన్న మన కన్ను. గాంధీ ఫొటో ఎన్నడూ చూడని మనిషికి అదే బొమ్మ చూపిస్తే కళ్లద్దాల షాపు బోర్డనుకుంటాడు.

అచ్చయి, మూలనపడి, మళ్లీ లేచిన పోస్టర్

అక్షరాల పోస్టర్ బలం, బలహీనత రెండూ ఒకేచోట చూడాలంటే బ్రిటన్ ఉదాహరణ చాలు. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే సమాచార మంత్రిత్వ శాఖ మూడు పోస్టర్లు తయారు చేయించింది. మూడింటికీ ఒకటే తీరు. ఒకే రంగు నేపథ్యం, పైన కిరీటం, మధ్యలో తెల్లటి పెద్దక్షరాలు. అందులో ఒకటి ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’, అంటే కంగారు పడకండి, మీ పని మీరు చేసుకుపొండి అని. దాన్ని సుమారు 24.5 లక్షల కాపీలు అచ్చువేసి, బాంబు దాడుల లాంటి గడ్డుకాలం కోసం దాచి ఉంచారు. బయటికి దాదాపుగా తీయనేలేదు. 1940లో చాలావాటిని గుజ్జు చేసేశారు. గోడలకెక్కిన తక్కిన రెంటికి వచ్చిన పేరు కూడా అంతంతే. మీ ధైర్యం, మీ ఉల్లాసం, మీ దృఢనిశ్చయం మాకు విజయం తెస్తాయనే పోస్టర్ చూసి, మీరు కష్టపడండి మేం గెలుస్తాం అన్నట్టుందని జనం గొణుక్కున్నారు. అలంకారం ఏమీ లేనప్పుడు ఒక్క సర్వనామం కూడా ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

2000లో ఇంగ్లండ్‌లోని ఆల్నిక్ అనే ఊళ్లో బార్టర్ బుక్స్ అనే పాత పుస్తకాల షాపువాళ్లకు, కొన్న పుస్తకాల పెట్టె అడుగున ఆ పోస్టర్ కాపీ ఒకటి దొరికింది. షాపులో తగిలిస్తే వచ్చినవాళ్లంతా అడగసాగారు, మరుసటి ఏడాది కాపీలు వేసి అమ్మారు. తర్వాత కప్పుల మీద, టీషర్టుల మీద, మన దగ్గర హాస్టల్ గదుల గోడల మీద కూడా అది కనిపించింది. మాటలు మార్చి వేసిన పేరడీలకు లెక్కే లేదు.

1939లో ఆ పోస్టర్ చేయాల్సిన పని, భయపడుతున్న జనానికి ఏం చేయాలో చెప్పడం. 2000 తర్వాత దాని పని అది కాదు. ఆ యుద్ధం ఎలా ముగిసిందో చూసేవాడికి తెలుసు. ఆ జ్ఞాపకం మీద నిలబడి ఐదు మాటలు గంభీరంగానూ, కొంచెం నవ్వుగానూ వినిపిస్తాయి. పైగా కిరీటం, రంగు, ఐదు వరసలు తప్ప ఏమీ లేకపోవడంతో అది ఖాళీ ఫారంలా తయారైంది. ఎవరికి కావలసింది వాళ్లు నింపుకున్నారు.

అభిమాని పోస్టర్, నిర్మాత పోస్టర్

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దగ్గరపడింది. అభిమాని చేసే పోస్టర్ సినిమా చూసినవాళ్ల కోసం. ఆ కొడవలి ఏ సీన్‌లోదో, ఆ స్కూటర్ ఎవరిదో వాళ్లకు తెలుసు. గుర్తుపట్టడంలోనే ఆనందం, గుర్తుపట్టినవాళ్లలో తానూ ఒకడినన్న చిన్న గర్వం. నిర్మాత పోస్టర్ సినిమా చూడనివాళ్ల కోసం. ఎవరు నటించారు, ఎలాంటి కథ, కుటుంబంతో వెళ్లొచ్చా, ఎప్పుడు విడుదల, ఇవన్నీ బస్సు కిటికీలోంచి చూసేవాడికి అందాలి. నటుల పేర్లు ఏ వరసలో, ఎంత సైజులో పడాలనే ఒప్పందాలూ పట్టింపులూ వీటికి అదనం.

హాలీవుడ్‌లో ఈ పెనుగులాట పాతదే. మత్తుమందు వ్యసనం మీద ఒట్టో ప్రెమింగర్ 1955లో తీసిన సినిమాకు డిజైనర్ సాల్ బాస్ వంకర్లు తిరిగిన ఒక నల్లటి చెయ్యి గీశాడు. చరిత్రలో నిలిచింది ఆ చెయ్యే. అయినా విడుదల పోస్టర్లలో దాని చుట్టూ హీరో ఫ్రాంక్ సినాట్రా తదితరుల ఫొటోలు చోటు చేసుకున్నాయి. గుర్తు కొత్తది, సినాట్రా ముఖం పాతది. టికెట్ తెగేది పాతదానికే.

మన దగ్గర ఇటీవల వచ్చిన మార్పును కూడా ఇదే లెక్కతో చూడొచ్చు. పెద్ద హీరో పుట్టినరోజున వచ్చే టైటిల్ పోస్టర్‌లో కొన్నిసార్లు ముఖమే ఉండదు. పేరు, ఒక ఆయుధం, ఒక తేదీ, అంతే. ధైర్యంగా కనిపిస్తుంది గానీ, ఆ హీరో ఎవరో నెలల తరబడి వార్తల్లో నానిపోయాకే ఆ ధైర్యం వస్తుంది. కొత్తవాళ్ల సినిమాకు ఆ అప్పు పుట్టదు. అందుకే చిన్న సినిమాల కాన్సెప్ట్ పోస్టర్లు గాజులు, ఉరితాడు, ఉత్తరం వంటి వస్తువుల్ని పట్టుకుంటాయి. నటుడు తెలియకపోయినా వస్తువు తెలుసు కదా.

తెలుగు అక్షరం దగ్గరికొస్తే

నిజానికి తెలుగు ఊళ్లకు ఈ తరహా కొత్తది కాదు. 1951–52 తొలి సార్వత్రిక ఎన్నికల్లో, చదవడం రానివాళ్ల కోసం అభ్యర్థులకు గుర్తులు కేటాయించారు. ఇప్పుడు మనం చూసే సైకిల్, ఫ్యాన్, కారు, చెయ్యి, కమలం, గాజు గ్లాసుదీ అదే పని... సున్నం గోడ మీద ఒక గుర్తు, పక్కన ‘గుర్తుకే మీ ఓటు’. ఇంతకంటే మినిమల్ పోస్టర్ ఎక్కడుంది? బెర్న్‌హార్డ్ అగ్గిపుల్లలది ఏ సూత్రమో దీనిదీ అదే. అందరికీ తెలిసిన వస్తువు, దానికి అతికించిన పేరు. నాటకాలకు, సర్కస్‌లకు ఊరి ప్రెస్సులో రంగు కాగితం మీద వేసిన వాల్‌పోస్టర్లు కూడా అక్షరాల పోస్టర్లే. పెద్ద పెద్ద చెక్క టైపు అక్షరాలు, దొరికిన సైజుల్లో దొరికినట్టు పేర్చినవి. అక్కడ బొమ్మ లేకపోవడానికి కారణం సౌందర్య సిద్ధాంతం కాదు. బొమ్మకు బ్లాకు (అచ్చు దిమ్మ) చేయించడానికి డబ్బు కావాలి, అక్షరాలు ప్రెస్సులో ముందే ఉంటాయి.

ఫ్లెక్స్ ఈ లెక్కను తలకిందులు చేసింది. గోడ మీద ఆర్టిస్టు చేత రాయిస్తే ప్రతి ముఖానికీ కూలి ఉంటుంది. ఫ్లెక్స్‌కు చదరపు అడుగు లెక్కన రేటు. ఒక ముఖం పెట్టినా ముప్ఫై ముఖాలు పెట్టినా ధర ఒకటే. దీనికి తోడు మొహమాటాలు. ఒక నాయకుడి ఫొటో వదిలేస్తే అది డిజైన్ నిర్ణయం అనుకోరు, అవమానం అనుకుంటారు. అందుకే ఫ్లెక్స్ షాపులో ఖాళీకి అసలు ఖర్చు డబ్బులో కాదు, సంబంధాల్లో కనిపిస్తుంది. ‘పైన కొంచెం చోటు మిగిలింది, మా బావమరిది ఫొటో వేసెయ్’ అనే కస్టమర్‌కు గ్రిడ్ గురించి చెప్పి లాభం లేదు.

అక్షరం నిర్మాణం ఇంకో సంగతి. ఇంగ్లిష్ పోస్టర్‌లో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలన్నీ ఒకే ఎత్తు. రెండు వరసల్ని ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి ఆనించొచ్చు. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు. పైకి గుడి, ఏత్వం లేస్తాయి, కిందికి ఒత్తులు దిగుతాయి. ‘రాష్ట్రం’ అనే మాటలో ‘ష’ కింద రెండు ఒత్తులు. దాని కింది వరసలో గుడి ఉన్న అక్షరం వస్తే రెండూ ఢీకొంటాయి. గుద్దుకోకుండా వరసల్ని దూరం జరిపితే, స్విస్ పోస్టర్‌లో కనిపించే గట్టి దిమ్మ ఆకారం చెదిరిపోతుంది. అంటే తెలుగులో ఖాళీ అక్షరాల దిమ్మ చుట్టూ కాదు, వరసల మధ్య కావాలి.

అక్షరాన్నే సాదాగా చెక్కుదామంటే ఇంకో చిక్కు. ‘ధ’కూ ‘థ’కూ తేడా కడుపులో ఒక చుక్క. ‘డ’కూ ‘ఢ’కూ తేడా అడుగున ఒక గీత. వేరే లిపిలో అలంకారంగా కనిపించేంత చిన్న గుర్తు ఇక్కడ అర్థాన్ని మోస్తుంది. తలకట్టు తీసేసి, వంపుల్ని వృత్తాలుగా మార్చి ‘మోడ్రన్’ చేసిన కొన్ని టైటిళ్లను రెండుసార్లు చదవాల్సి రావడం ఇందుకే.

ఈ చిక్కుకు పాత జవాబు చేతిరాత. బాపు రాత అందులో మొదట గుర్తొచ్చేది. అక్షరాల్ని గీత మీద బుద్ధిగా నిలబెట్టకుండా, ఒత్తునూ కొమ్మునూ వాటి ఇష్టానికి వదిలి, ఆ కదలికనే బొమ్మగా చేశాడు. ఆయన రాత ఫాంటుగా మారి పెళ్లి శుభలేఖలకూ షాపు బోర్డులకూ చేరాక, ‘తెలుగుదనం’ అనే భావానికే ఒక రూపం అయిపోయింది. ఆ రాతలో పేరు వేస్తే చాలు, అరిటాకు బొమ్మ వేయనక్కర్లేదు. ఇదీ జ్ఞాపకం నుంచి తెచ్చిన అప్పే.

కొత్త జవాబు ఫాంట్లు. చాలాకాలం డీటీపీ షాపుల్లో అను, శ్రీలిపి వంటివే దిక్కు. 2010 దశకంలో అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, ధూర్జటి, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా వచ్చాయి. ముంబయి సంస్థ ఎక్ టైప్ చేసిన అనేక్ కుటుంబంలో తెలుగు అక్షరం బాగా సన్నం నుంచి బాగా లావు దాకా అనేక మందాల్లో దొరుకుతుంది. అక్షరాల పోస్టర్‌కు ఇది చిన్న విషయం కాదు. బొమ్మ లేనప్పుడు ఏది ముందు చదవాలో, ఏది తర్వాతో చెప్పగలిగేది మందం, సైజు, ఖాళీ ఈ మూడే. మందాలే లేకపోతే డిజైనర్ చేతిలో ఒక పనిముట్టు తగ్గినట్టే.

ఇక ముందు

ఫోన్ తెర ఈ శైలి వైపే మొగ్గుతుంది. 30 × 40 అంగుళాల పోస్టర్ కోసం పేర్చిన పది ముఖాలు అరచేతిలో ఆవగింజలవుతాయి, ఒక పేరూ ఒక వస్తువూ మిగులుతాయి. ఏఐ బొమ్మల పనిముట్లు కూడా అటే నెట్టే అవకాశం ఉంది. మంటలు, మబ్బులు, సైన్యాలు ఒక్క నొక్కుతో వస్తున్నప్పుడు నిండుదనానికి పాత విలువ ఉండదు. అవే పనిముట్లు మినిమల్ పోస్టర్లను కూడా వందల్లో గుమ్మరిస్తాయి కాబట్టి, తేడాగా కనిపించే లాభం కూడా అంతే త్వరగా కరిగిపోవచ్చు.

గోడ మాత్రం ఫోన్ దారిలో నడవడం లేదు. ఇప్పుడు ఒకే సినిమాకు రెండు రకాల పోస్టర్లు పక్కపక్కనే బతుకుతున్నాయి. ఫోన్‌లో వచ్చేది నల్లటి నేపథ్యం మీద టైటిల్ ఒక్కటే. విడుదల రోజు థియేటర్ గేటు మీద కట్టేదాంట్లో అభిమాన సంఘం అధ్యక్షుడి నుంచి కోశాధికారి దాకా అందరి ఫొటోలూ, పేర్లూ, కింద ఫోన్ నంబర్లూ ఉంటాయి.